శాన్ ఆంటోనియోలో నది పక్కన, తక్కువ ఖర్చులో మెక్సికన్ భోజనం ఎలా చేయాలి?

టెక్సాస్‌లో ఉంటున్న మనవారి ఇళ్ళకు అమ్మానాన్నలో అత్తమామలో వచ్చినప్పుడు శాన్ ఆంటోనియో ప్రయాణం దాదాపు తప్పనిసరి అవుతుంది. ఆస్టిన్ నుంచి 80 మైళ్ళు, హ్యూస్టన్ నుంచి సుమారు 200, డాలస్ నుంచి సుమారు 275. పొద్దున్నే బయలుదేరి ఆలమో అనే చారిత్రక కోట చూసి, మధ్యాహ్నం నది ఒడ్డు బాట అయిన రివర్ వాక్ మీద భోజనం చేసి రావాలన్నది అందరి ఆలోచన. అందుకే నన్ను అడిగేవారందరి ప్రశ్నా ఒకటే: "నలుగురం వెళ్తున్నాం, మాలో ఇద్దరు శాకాహారులు, నది కనిపించేలా కూర్చుని మెక్సికన్ భోజనం చేయాలి, మొత్తం వంద డాలర్లు దాటకూడదు, ఎక్కడ తినమంటారు?"

ఫలానా హోటల్‌కు వెళ్ళండి అని ఒక్క ముక్కలో చెప్పేస్తే ఈ ప్రశ్న తీరదు. ఒకే హోటల్లో, ఒకే పూట, పక్కపక్క టేబుళ్ళ మీద ఒక కుటుంబం డెబ్భై అయిదు డాలర్లతో తృప్తిగా లేవడమూ, మరొక కుటుంబం నూట నలభై ఇచ్చి అసంతృప్తితో లేవడమూ నేను చూశాను. ఎప్పుడు వెళ్ళారు, కారు ఎక్కడ పెట్టారు, ఏ టేబుల్ అడిగారు, వంటింటిని ఏమి అడిగారు అన్న నాలుగు సంగతుల మీదే అంతా ఆధారపడి ఉంటుంది. వాటిని వరుసగా చెబుతాను.

ముందుగా తెలుసుకోవలసిన ఒక్క సంగతి

రివర్ వాక్ వీధికంటే సుమారు ఇరవై అడుగుల దిగువన ఉంటుంది. 1921 సెప్టెంబరులో వచ్చిన వరదలో ఊరు బాగా దెబ్బతిన్న తరువాత, నడిబొడ్డున ఉన్న నది వంపును కప్పేయాలన్న ఆలోచన వచ్చింది. దాన్ని కాపాడాలని పట్టుబట్టినవారి వల్ల, ఆర్కిటెక్ట్ రాబర్ట్ హగ్మన్ వేసిన నమూనా వల్ల, 1941 నాటికి ఒడ్డు పొడవునా రాతి బాటలు, మెట్లు, వంతెనలు అమరాయి. అయినా హోటళ్ళు వెంటనే నది వైపు తిరగలేదు. 1946లో తెరిచిన కాసా రియో, నదిని ఎదురుగా పెట్టుకుని మొదలైన మొదటి రెస్టారెంటు. దాని రంగురంగుల గొడుగుల ఫొటోనే మీరు ఊరి ప్రకటనల్లో చూస్తూ ఉంటారు.

ఈ కథ చెప్పడానికి కారణం ఉంది. ఇక్కడి చాలా హోటళ్ళకు రెండు ముఖాలు ఉంటాయి. ఒకటి పైన వీధి మీద, రెండవది కింద నీటి పక్కన. ఫోన్‌లో దారి చూపించే మ్యాప్ మిమ్మల్ని వీధి తలుపు దగ్గరికి తీసుకువెళ్తుంది. నది మాత్రం కింద ఉంటుంది.

కావలసినవి

- నలుగురికి వంద డాలర్లు, పార్కింగుతో కలిపి.
- వారం మధ్యలో ఒక రోజు. మంగళ, బుధ, గురువారాలు మంచివి.
- ఎండాకాలమైతే టోపీలు, ఒక నీళ్ళ సీసా. జూలై, ఆగస్టుల్లో మధ్యాహ్నం ఎండ మన రామగుండం ఎండను గుర్తుకు తెస్తుంది.
- పెద్దవారికి మెట్లు దిగడానికి అనువైన చెప్పులు. రాళ్ళ బాట అక్కడక్కడ ఎగుడుదిగుడుగా ఉంటుంది.
- మీలో ఎవరెవరు ఏమేమి తినరో స్పష్టంగా రాసుకున్న చిన్న జాబితా. ఇది అతిశయం కాదు, అయిదవ మెట్టులో ఎందుకో తెలుస్తుంది.

1. రోజు, సమయం నిర్ణయించుకోండి

మధ్యాహ్నపు తక్కువ ధరల పళ్ళేలను ఇక్కడ లంచ్ స్పెషల్ అంటారు. అవి సాధారణంగా సోమవారం నుంచి శుక్రవారం వరకే, పగలు 11 నుంచి 2 లేదా 3 గంటల వరకే దొరుకుతాయి. శనివారం వెళ్ళి అదే పళ్ళెం అడిగితే, కొంచెం పెద్ద పరిమాణంలో, బాగా పెద్ద ధరకు వస్తుంది. బయలుదేరే ముందు హోటల్ వెబ్‌సైటులో లంచ్ మెనూ ఉందో లేదో, అది ఏ రోజులకు వర్తిస్తుందో చూడండి. కనిపించకపోతే ఫోన్ చేసి అడగండి. ఒక్క నిమిషం పని.

11 గంటలకు తలుపు దగ్గర ఉండండి. ఈ ఊరి కన్వెన్షన్ సెంటర్ రివర్ వాక్ పక్కనే ఉంటుంది కాబట్టి, ఏదైనా పెద్ద సదస్సు జరుగుతున్న రోజున సరిగ్గా పన్నెండుకు, మెడలో బిళ్ళలు వేసుకున్న వందలాది మంది ఒకేసారి మెట్లు దిగుతారు. 11:15కి కూర్చున్నవారికి నీటి అంచున టేబుల్ దొరుకుతుంది. 12:10కి వచ్చినవారు పేరు రాయించుకుని నిలబడతారు.

తప్పించుకోవలసిన కాలాలు కూడా ఉన్నాయి. మార్చిలో స్కూలు సెలవుల వారాలు, ఏప్రిల్‌లో ఫియెస్తా ఉత్సవాలు జరిగే రోజులు, థాంక్స్‌గివింగ్ తరువాతి రోజు నుంచి దీపాల అలంకరణ ఉండే వారాంతాలు. ఉత్సవం చూడాలని వెళ్తే వెళ్ళండి, సంతోషమే, కానీ చవకగా, ప్రశాంతంగా తినాలంటే ఆ రోజులు పనికిరావు. మరొక సంగతి: నడిబొడ్డు వంపులో నీటిని కొన్నేళ్ళకు ఒకసారి, ఎక్కువగా జనవరిలో, పూర్తిగా తోడేసి అడుగు శుభ్రం చేస్తారు. ఆ రోజుల్లో మీ టేబుల్ ముందు నది బదులు బురద కనిపిస్తుంది. జనవరి ప్రయాణమైతే ఆ వివరం ముందే వెతికి చూసుకోండి.

2. కారు సంగతి తేల్చుకోండి

భోజనం ఖర్చులో మనవారు లెక్కలోకి తీసుకోనిది పార్కింగు. నడిబొడ్డులో గారేజీ ధర ఒక్కోసారి ఒక పళ్ళెం ధరను మించిపోతుంది, ఏదైనా కార్యక్రమం ఉన్న రోజున ఇంకా పెంచుతారు. కాబట్టి కారును నది పక్కనే పెట్టాలన్న పట్టుదల వదలండి. పది నిమిషాల నడక దూరంలో నగరపాలక సంస్థ నడిపే గారేజీలు, ఖాళీ స్థలాలు తక్కువలో దొరుకుతాయి. పెద్దవారు నడవలేరనుకుంటే వారిని ఆలమో దగ్గర దించి, ఒకరు వెళ్ళి కారు పెట్టి రండి. ఆలమో ఎదుటి మైదానం నుంచి ఒక పెద్ద బస హోటల్ భవనం గుండా, నీటి కాలువ పక్కగా నేరుగా రివర్ వాక్‌కు దిగే దారి ఉంది.

గారేజీలో చీటీ తీసుకున్నప్పుడు, దాని మీద రోజంతా ధరనా, గంటల ధరనా అన్నది చదవండి. తరువాత భోజనం దగ్గర "పార్కింగ్ వాలిడేషన్ ఇస్తారా?" అని అడగండి. కొన్ని హోటళ్ళు చీటీ మీద ముద్ర వేసి కొంత తగ్గింపు ఇప్పిస్తాయి. అడగనివారికి వారంతట వారు చెప్పరు.

కారులో బ్యాగులు, పాస్‌పోర్టులు పైకి కనిపించేలా వదిలి రాకండి. ఆస్టిన్ వైపు నుంచి వచ్చేవారికి ఇంకొక మాట. ఖాళీగా ఉందని 130వ నంబరు రహదారి ఎక్కితే అది టోల్ రోడ్డు. వెళ్ళడానికీ రావడానికీ పడే టోల్ కలిపి చూస్తే, దాంతో ఇంకొక పళ్ళెం వచ్చేస్తుంది. 35వ నంబరు రహదారికి టోల్ లేదు.

3. నది మట్టానికి దిగి, టేబుల్‌ను పేరు పెట్టి అడగండి

అందరూ పొరపడేది ఇక్కడే. వీధి తలుపు నుంచి లోపలికి వెళ్ళి "నలుగురం" అంటే, వారు ఎదురుగా ఖాళీగా ఉన్న లోపలి టేబుల్ చూపిస్తారు. కిటికీ కూడా ఉండకపోవచ్చు. కూర్చున్నాక, చిప్స్ వచ్చాక, లేచి బయటికి మారతామంటే మొహమాటం. కాబట్టి ముందు మెట్లు దిగి నది బాట మీదికి రండి. అక్కడ నిలబడిన వారితో నది మట్టంలో, బయట, నీటికి దగ్గరగా టేబుల్ కావాలని స్పష్టంగా చెప్పండి. కాసేపు ఆగాలంటే ఆగుతామని కూడా చెప్పండి. ముందుగా రిజర్వేషన్ చేసుకున్నా, అది చాలాచోట్ల లోపలి టేబుళ్ళకే వర్తిస్తుంది, బయటివి వచ్చినవారికి వచ్చిన వరుసలో ఇస్తారు. రిజర్వేషన్ చేసేటప్పుడే ఈ ముక్క అడిగి తేల్చుకోండి.

నీటి అంచున ఉండే టేబుల్ అన్నివిధాలా మంచిదని అనుకోవద్దు. మిట్టమధ్యాహ్నం గొడుగు లేని టేబుల్ మీద ఇరవై నిమిషాలు కూడా కూర్చోలేరు. ఒడ్డున పెద్ద పెద్ద సైప్రస్ చెట్లున్నాయి. వాటి నీడలో పడే రెండో వరుస టేబుల్, ఎండలో ఉన్న మొదటి వరుస కంటే నూరుపాళ్ళు నయం. ఇక చిన్నపిల్లలుంటే మొదటి వరుస అసలే వద్దు. నది లోతు ఎక్కువ లేకపోయినా, బాటకు చాలా మేరకు కటకటాలు ఉండవు. కుర్చీ వెనక్కి జరిపితే కాలు పడేది రాతి అంచు మీద, దాని తరువాత నీళ్ళే. పిల్లవాణ్ణి గోడ వైపు కూర్చోబెట్టి పెద్దవారు నది వైపు కూర్చోండి.

చక్రాల కుర్చీ, పిల్లల బండి ఉన్నవారు మెట్ల దగ్గరికి వచ్చాక వెనక్కి తిరగకుండా, లిఫ్టు ఎక్కడుందో హోటల్‌కు ముందే ఫోన్ చేసి కనుక్కోవాలి. లిఫ్టులు, వాలుదారులు కొన్ని చోట్లే ఉన్నాయి. ఎవరినైనా కలుసుకోవాలంటే "కామర్స్ వీధి వంతెన దగ్గర" అని చెప్పకండి. నది గుర్రపు నాడాలా వంగడం వల్ల ఆ వీధి నదిని ఒకటికంటే ఎక్కువ చోట్ల దాటుతుంది. హోటల్ పేరు చెప్పండి.

4. కూర్చోకముందే మెనూ చదవండి

బయట స్టాండు మీద మెనూ పెట్టి ఉంటుంది. అందులో మూడు సంగతులు చూడండి. లంచ్ స్పెషల్ ఈ రోజు ఉందా? చిప్స్, సల్సా ఉచితమా, ధర రాశారా? అడుగున చిన్న అక్షరాల్లో "ఆరుగురు లేదా అంతకు మించితే 18 లేదా 20 శాతం సర్వీసు కలుపుతాం" వంటి వాక్యం ఉందా? టెక్సాస్‌లో మెక్సికన్ హోటల్ అంటే చిప్స్ ఉచితమని మనం అలవాటు పడ్డాం. నది పక్కన అన్నిచోట్లా అలా కాదు.

ఇప్పుడు లెక్క చూద్దాం. ఈ ఊళ్ళో అమ్మకపు పన్ను 8.25 శాతం. టిప్పు 18 శాతం అనుకుంటే, మెనూలో కనిపించే ప్రతి డాలరు మీ జేబులోంచి డాలరు 26 సెంట్లుగా పోతుంది. పళ్ళెం 15 డాలర్లు అనుకుందాం. నలుగురికి 60, పన్ను 4.95, టిప్పు 10.80, మొత్తం 75.75. పార్కింగు 15 వేసుకున్నా 91 లోపే. ఇప్పుడు నలుగురూ తలా ఒక మూడున్నర డాలర్ల సోడా తెప్పించుకోండి. భోజనం 93.43కి చేరుతుంది, పార్కింగుతో 108 దాటుతుంది. వంద డాలర్ల గీత దాటించింది పళ్ళేలు కాదు, సోడాలు. టేబుల్ దగ్గరే నూరి ఇచ్చే గ్వాకమోలే, అంటే అవకాడో పచ్చడి, 14 డాలర్లయితే అసలు ధర 17.68. మార్గరీటా అనే మద్యపు పానీయాల లెక్క మీరే వేసుకోగలరు.

5. వంటింటిని ఈ నాలుగు ప్రశ్నలు అడగండి

శాకాహారులు, గొడ్డుమాంసం లేదా పందిమాంసం తిననివారు ఈ మెట్టును దాటవేయవద్దు.

ఇక్కడి వంట ప్రధానంగా టెక్స్-మెక్స్, అంటే టెక్సాస్‌లో స్థిరపడిన మెక్సికన్ కుటుంబాల చేతుల్లో రూపుదిద్దుకున్న వంట. అందులో మాంసం, కొవ్వు కంటికి కనిపించని చోట్ల ఉంటాయి. మా మామగారు మొదటిసారి వచ్చినప్పుడు చీజ్ ఎంచిలాడా, అంటే చీజ్ పెట్టి చుట్టి పైన సాసు పోసిన రొట్టె, చెప్పాం. "లోపల చీజ్ ఒక్కటేనా?" అని నేను అడిగాను, "అవును, చీజ్ ఒక్కటే" అని సర్వర్ చెప్పారు. ఆ జవాబు నిజమే. మూడు ముద్దలయ్యాక ఆయన పళ్ళెం అంచున ఎర్రటి గ్రేవీలో ఆవగింజంత గోధుమరంగు పలుకులను ఫోర్కు కొనతో పక్కకు జరిపి, "ఇదేమిటమ్మా?" అన్నారు. అది గొడ్డుమాంసం. టెక్స్-మెక్స్ ఎంచిలాడా మీద పోసే చిల్లీ గ్రేవీని చాలాచోట్ల మాంసంతోనే కాస్తారు. ఆయన నన్ను ఒక్క మాట అనలేదు. ఫోర్కు కింద పెట్టి, నీళ్ళు తాగి, పడవల వైపు చూస్తూ కూర్చున్నారు. ఆ పూట నాకు ఇంకేమీ సహించలేదు. నేను అడగవలసింది లోపల ఏముందని మాత్రమే కాదు, పైన ఏమి పోస్తారని కూడా.

కాబట్టి ఆర్డరు చెప్పేముందే, వరుసగా, ఒక్కొక్కటిగా అడగండి:

మొదటిది, గ్రేవీ. "ఎంచిలాడా మీద పోసే సాసులో మాంసం కానీ, మాంసపు రసం కానీ ఉందా?" ఉంటే, టమాటిల్లో అనే పచ్చటి కాయతో చేసే పచ్చ సాసు అడగండి. అందులో కోడి రసం కలిపారా అని మళ్ళీ అడగండి.

రెండవది, చిక్కుడు గింజలు. నూరి వేయించిన బీన్స్‌ను చాలా వంటిళ్ళలో పందికొవ్వుతో చేస్తారు. దానిని స్పానిష్‌లో మాంతేకా అంటారు. చారో బీన్స్ అని ఉంటే అందులో బేకన్, అంటే పందిమాంసం, ముక్కలు ఉంటాయని అనుకోవడమే మంచిది. నల్ల బీన్స్ కొన్నిచోట్ల కొవ్వు లేకుండా దొరుకుతాయి.

మూడవది, అన్నం. ఎర్రగా, పొడిపొడిగా కనిపించే ఆ అన్నాన్ని తరచుగా కోడి రసంలో ఉడికిస్తారు. ఆ రసాన్ని కాల్దో దె పోయో అంటారు. చూస్తే మన టమాటా అన్నంలాగే ఉంటుంది, చూపుతో తేల్చడం అసాధ్యం.

నాలుగవది, రొట్టె. గోధుమ తోర్తియ్యాలో కొవ్వు ఉండవచ్చు. మొక్కజొన్న తోర్తియ్యాలో సాధారణంగా మొక్కజొన్న, సున్నం, నీళ్ళు తప్ప మరేమీ ఉండవు. మొక్కజొన్నలను సున్నపు నీటిలో ఉడికించి, నానబెట్టి రుబ్బుతారు కాబట్టి, వేడి రొట్టె విప్పగానే ఒక ప్రత్యేకమైన వాసన వస్తుంది. జొన్నరొట్టె అలవాటున్న పెద్దవారికి ఇది వెంటనే నచ్చుతుంది. తమాలేలు కూడా మొక్కజొన్న పిండివే అయినా, వాటి పిండిలో పందికొవ్వు కలపడం రివాజు. అవి వద్దు.

ఒక హెచ్చరిక. "సిన్ కార్నే", అంటే "మాంసం లేకుండా" అని స్పానిష్‌లో చెబితే సరిపోతుందని అనుకోవద్దు. కార్నే అంటే చాలామందికి గొడ్డుమాంసమే స్ఫురిస్తుంది, కోడి పెట్టి తీసుకురావచ్చు. "సిన్ కార్నే, సిన్ పోయో, సిన్ మాంతేకా" అని మూడూ చెప్పండి. ఇంగ్లీషు అందరికీ వస్తుంది కాబట్టి, ఇంగ్లీషులో అడిగినా అంతే వివరంగా అడగండి. సర్వర్ "ఉండదనుకుంటాను" అంటే, "దయచేసి వంటింట్లో కనుక్కుని చెప్పండి" అనండి. ఇది నామోషీ కాదు, వారికీ రోజూ అలవాటే. సమాధానం తెలియని పదార్థాన్ని పళ్ళెంలోంచి తీసేయించండి.

మాంసాహారులకు కూడా కొన్ని మాటలు తెలిసి ఉండాలి. మడిచిన రొట్టెలో కూర పెట్టి ఇచ్చే టాకోను ఊరికే "టాకో" అని చెబితే వచ్చేది గొడ్డుమాంసపు ఖీమా. కార్నే గిసాదా, బార్బకోవా, ఆసాదా అన్నా ఇక్కడ గొడ్డుమాంసమే. కార్నీతాస్, పాస్తోర్ పందిమాంసం. ఫహీతాను, అంటే పెనం మీద కాల్చి రొట్టెతో ఇచ్చే ముక్కలను, కోడితో కావాలని విడిగా చెప్పాలి. పోయో కోడి, పెస్కాదో చేప, కామరోన్ రొయ్య. మెనూలో కబ్రీతో కనిపిస్తే అది మేకపిల్ల మాంసం. చవక కాదు కానీ, మన మేకమాంసం అలవాటున్నవారికి ఇష్టమవుతుంది.

6. ఆర్డరు చెప్పండి

శాకాహారులకు నా అనుభవంలో బాగా కుదిరేవి ఇవి: పచ్చ సాసుతో చీజ్ లేదా పాలకూర ఎంచిలాడాలు, మొక్కజొన్న తోర్తియ్యాతో కూరగాయల ఫహీతా, కొవ్వు లేని బీన్స్ దొరికితే బీన్ చలూపా. శాన్ ఆంటోనియోలో చలూపా అంటే కరకరలాడేలా వేయించిన బల్లపరుపు తోర్తియ్యా మీద బీన్స్, చీజ్, ఆకుకూర పేర్చినది. నోపాల్ అని కనిపిస్తే వెనుకాడకండి. అది ముళ్ళు తీసిన నాగజెముడు మట్ట. బెండకాయలా కొంచెం జిగురు, కొంచెం పులుపు. ఫహీతాను మాంసం కాల్చే పెనం మీదే కాలుస్తారా అన్నది పట్టింపు ఉన్నవారు అడగాలి. చిప్స్ వేయించే నూనె కూడా అంతే.

మాంసాహారులు ఈ ఊరి సొంత వంటకమైన పఫ్ఫీ టాకో ఒక్కటైనా తినాలి. పచ్చి మొక్కజొన్న పిండి రొట్టెను నూనెలో వేస్తే పూరీలా పొంగుతుంది, దానినే మడిచి కూర నింపుతారు. కోడితో చేసినది అడగండి. వెంటనే తినాలి, అయిదు నిమిషాలు ఆగితే అడుగు నాని చేతిలోనే విడిపోతుంది.

తాగడానికి మంచినీళ్ళు అడగండి, ఉచితం. ఒక్క పానీయం కొనాలనుకుంటే అగువా దె హమైకా కొని అందరూ రుచి చూడండి. అది మన ఎర్ర గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్రటి రేకులను ఎండబెట్టి, నానబెట్టి తీసిన రసం. మా అత్తగారు మొదటి గుక్కకే "ఇది గోంగూరే" అని తేల్చేశారు.

కారం సరిపోదన్న ఫిర్యాదు మనవారి నుంచి తప్పకుండా వస్తుంది. అందుకు ఖరీదైన సాసులు అక్కరలేదు. "చిలెస్ తొరెయాదోస్" అడగండి. నూనెలో కమలించి ఉప్పు చల్లిన పచ్చిమిరపకాయలు, మన ఊరిలో పెరుగన్నంలోకి నంజుకునే మిరపకాయలకు దగ్గరి చుట్టాలు. రెండు మూడు డాలర్లకే, కొన్నిచోట్ల ఊరికే ఇస్తారు.

పళ్ళెంలో పరిమాణం పెద్దది. తక్కువ తినే పెద్దవారు ఇద్దరికి ఒక పళ్ళెం సరిపోతుంది, కానీ పంచుకుంటే అదనపు రుసుము వేస్తారేమో ముందే అడగండి. రుసుము ఉంటే, పళ్ళెం బదులు విడిగా రెండు టాకోలు, ఒక గిన్నె బీన్స్ చెప్పుకోవడం నయం.

7. పళ్ళెం వచ్చాక పరీక్షించండి

సర్వర్ గుడ్డతో పట్టుకుని తెచ్చి, "పళ్ళెం వేడి" అని చెప్పి పెడతారు. మాట వరుసకు చెప్పడం కాదది. పొయ్యిలోంచి నేరుగా తీసిన పింగాణీ, పిల్లల చేతులకు అందనివ్వకండి.

మొదటి ముద్దకు ముందు ఫోర్కుతో గ్రేవీని అంచున పలచగా జరిపి చూడండి. పలుకులు తగిలితే ఆపండి. ఎంచిలాడాను మధ్యకు కోసి లోపల చూడండి. బీన్స్‌లో గులాబీ రంగు ముక్కలున్నాయేమో కలిపి చూడండి. కొవ్వు, కోడి రసం మాత్రం ఇలా కనిపించవు, వాటికి అయిదవ మెట్టు ప్రశ్నలే ఆధారం. చెప్పినదానికి భిన్నంగా వస్తే తినకుండా పిలిచి చెప్పండి, మార్చి ఇస్తారు. సగం తిన్న తరువాత చెబితే మాట బరువు తగ్గిపోతుంది.

ఇంకొక కాపలా పని ఉంది. నల్లగా నిగనిగలాడే గ్రాకిల్ పక్షులు కుర్చీల వీపుల మీద వాలి, పసుపు కళ్ళతో చిప్స్ బుట్టనే చూస్తూ ఉంటాయి. మీరు ఫొటో కోసం లేచారంటే బుట్టలోకి దిగుతాయి. ఒకరు టేబుల్ దగ్గర ఉండండి. బాతులకు చిప్స్ వేయకండి, ఉప్పు, నూనె వాటికి మంచిది కాదు.

8. బిల్లు చదివి చెల్లించండి

బిల్లులో ముందు చూడవలసినది "గ్రాట్యుయిటీ" లేదా "సర్వీస్ ఛార్జ్" అనే వరుస. అది ఉంటే టిప్పు ఇప్పటికే కలిపారని అర్థం. దాని కింద మళ్ళీ ఖాళీ గీత ఉంటుంది కాబట్టి, తెలియక రెండోసారి రాసేవారు చాలామంది. అది మాకూ ఒకసారి జరిగింది. పదిమందిమి వెళ్ళి, బిల్లు చూడకుండా కార్డు ఇచ్చి, ఇరవై శాతం మీద ఇంకొక ఇరవై రాశాం.

ఆ వరుస లేకపోతే పన్నుకు ముందున్న మొత్తం మీద 15 నుంచి 20 శాతం ఇవ్వండి. కింద అచ్చువేసిన సూచనలు కొన్నిసార్లు పన్నుతో కలిపిన మొత్తం మీద వేసినవి, కాబట్టి మీరే లెక్క కట్టండి. టిప్పు ఎగ్గొట్టి ఖర్చు తగ్గించుకోవాలన్న ఆలోచన మాత్రం దయచేసి పెట్టుకోకండి. టెక్సాస్‌లో వడ్డించేవారికి హోటల్ ఇచ్చే జీతం చాలా తక్కువ, వారి ఇల్లు గడిచేది టిప్పుతోనే. ఎండలో మెట్లెక్కి దిగి నాలుగు ప్రశ్నలకూ ఓపికగా జవాబు తెచ్చిన మనిషికి 18 శాతం న్యాయమైన మొత్తం.

కుటుంబాలు విడివిడిగా చెల్లించాలనుకుంటే ఆర్డరు చెప్పేటప్పుడే చెప్పండి. చివర్లో అడిగితే వారికీ చిక్కు, మీకూ ఆలస్యం.

టేబుల్ దొరకకపోతే

గంటసేపు ఆగమంటే ఆగవద్దు. నది ఒడ్డు అందరిదీ. పైకి వీధుల్లోకి రెండు సందులు నడిస్తే టాకోలు, తోర్తాలు అనే మెక్సికన్ శాండ్‌విచ్‌లు పొట్లం కట్టి ఇచ్చే చిన్న దుకాణాలు ఉంటాయి, నది మట్టం ధరలు అక్కడ ఉండవు. తీసుకుని మళ్ళీ కిందికి దిగండి. లా వియ్యీతా అనే పాత పేట పక్కన ఆర్నెసన్ రివర్ థియేటర్ ఉంది. వేదిక ఒక ఒడ్డున, ప్రేక్షకులు కూర్చునే పచ్చగడ్డి మెట్లు ఇంకొక ఒడ్డున, మధ్యలో నది. ప్రదర్శన లేని పూట ఆ మెట్ల మీద పొట్లాలు విప్పుకుని కూర్చుంటే, పడవలన్నీ మీ ముందు నుంచే వెళ్తాయి. సర్వీసు లేదు కాబట్టి పెద్దగా టిప్పూ ఉండదు. నలుగురికి యాభై డాలర్లలోపు ముగించవచ్చు. తిన్న కాగితాలు చెత్తడబ్బాలో వేయండి, గాలికి అవి నీళ్ళలోనే పడతాయి.

శనివారమే వెళ్ళక తప్పని వారు నడిబొడ్డును వదిలి ఉత్తరాన పర్ల్ ప్రాంతానికి వెళ్ళండి. పాత బీరు కర్మాగారాన్ని బాగుచేసిన చోటు. 2009లో పొడిగించిన నది బాట అక్కడిదాకా వస్తుంది, ఉదయం రైతుల సంత కూడా జరుగుతుంది. నీటి పక్కన నీడ ఎక్కువ, రద్దీ మాత్రం సంత ముగిసేదాకా ఉంటుంది. అక్కడ కూడా శాకాహారులు అయిదవ మెట్టు ప్రశ్నలు మొదటినుంచీ అడగాల్సిందే.